“అదిగో” అంటే ఎక్కడ?

పిట్టల్ని చూడ్డానికి బయల్దేరిన ఆలుమగల మధ్య మాటా మాటా పెరిగేది చాలావరకు ఒక్క మాట దగ్గరే. “అదిగో!” చూసినవాళ్లకి అంతకంటే ఏం చెప్పాలో తోచదు. పక్కనున్నవాళ్లకి అందులో ఆచూకీ ఏమీ దొరకదు. “ఏదీ?” “అక్కడే, ఆ కొమ్మ మీద.” “ఏ కొమ్మ?” ఈలోగా కొమ్మ ఊగుతూ ఉంటుంది, దాని మీద పిట్ట ఉండదు. పులికాట్ గట్టు నుంచి శ్రీలంకలోని సింహరాజ అడవి దాకా మేమిద్దరం తిరిగిన ఇన్నేళ్లలో నేర్చుకున్నవాటిలో బాగా పనికొచ్చింది ఇదే: చూసింది పక్కవాళ్లకి చూపించడం. ఆ ప్రయాణాలు తలుచుకున్నప్పుడల్లా ముందు అదే గుర్తొస్తుంది.

పద్ధతి చెప్తాం. ముందు ఇద్దరికీ ఖాయంగా కనపడే ఒక గుర్తు పట్టుకోవాలి. ఎండిపోయిన తాడిచెట్టు, కరెంటు స్తంభం, తెల్లటి రాయి, ఏదైనా సరే. “ఆ పచ్చటి చెట్టు” అనకూడదు, అడవంతా పచ్చగానే ఉంటుంది. తర్వాత ఆ చెట్టునే గడియారం అనుకోవాలి. చిటారు పన్నెండు, మొదలు ఆరు. “రెండో తాడి, పదింటి దగ్గర, అంచు నుంచి మూరెడు లోపలికి.” పిట్ట కదులుతుంటే ఎటు కదులుతోందో కూడా చెప్పాలి. చెయ్యి చాపి చూపించకూడదు, మనిషి మాటకంటే పైకి లేచిన చేతికే పిట్టలు ఎక్కువ బెదురుతాయి. అన్నిటికంటే ముఖ్యం, పేరు చివర చెప్పాలి. ముందే పేరు వింటే ఎదుటివాళ్ల మనసు పుస్తకంలో బొమ్మ మీదికి పోతుంది, కళ్లు చెట్టు మీద నిలవవు.

చెరువుల దగ్గర, ఉప్పు కయ్యల దగ్గర చెట్లుండవు. అక్కడ పిడికిలి లెక్క. చెయ్యి పూర్తిగా చాపి పట్టుకున్న పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపించే బైనాక్యులర్స్‌లో ఒక్కసారికి కనపడే మేర ఏడెనిమిది డిగ్రీలు, అంటే పిడికిలికి కాస్త తక్కువ. కాబట్టి “స్తంభానికి ఎడమగా రెండు పిడికిళ్లు, ఒడ్డుకి కాస్త పైన” అంటే అవతలివాళ్లు ఎంత తిప్పాలో లెక్క తేలిపోతుంది. ఇందాక చెప్పిన చేతుల సంగతి దీనికి వర్తించదనుకోకండి. పిడికిలి లెక్క కళ్లతో అలవాటు చేసుకోవాలి, ఇంటి మేడ మీద నుంచి వారం రోజులు సాధన చేస్తే చెయ్యి లేపకుండానే వస్తుంది.

మొదట్లో బైనాక్యులర్స్ ఒక్కటే ఉండేది, కళ్లేమో నాలుగు. చేతులు మారినప్పుడల్లా మసక. కారణం చాలామందికి తెలీదు. మధ్యలో ఉండే పెద్ద చక్రం రెండు కళ్లకీ కలిపి పనిచేస్తుంది. కుడి కంటి దగ్గరుండే చిన్న రింగు మాత్రం రెండు కళ్ల మధ్య తేడాని సరిచేస్తుంది, ఆ తేడా ఏ ఇద్దరికీ ఒకలా ఉండదు. సరిచేసుకోవడానికి కుడి కన్ను మూసి, దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలని ఎడమ కంటితో చూస్తూ పెద్ద చక్రం తిప్పాలి. అక్షరాలు తేటగా కనపడ్డాక ఎడమ కన్ను మూసి, కుడి కంటికి చిన్న రింగు తిప్పాలి. ఇక దాన్ని కదపనక్కర్లేదు. ఇద్దరు వాడే బైనాక్యులర్స్‌కైతే ఆ రింగు మీద రెండు నెయిల్ పాలిష్ చుక్కలు, ఎరుపు ఒకరిది, గులాబీ ఇంకొకరిది. చేతికి రాగానే మీ చుక్కని గీతకి కలుపుకుంటే సరి, పిట్ట ఎగిరే లోపే చూపు అందుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు రబ్బరు కప్పులు కిందికి దించుకుని చూడాలి, లేకపోతే గొట్టంలోంచి చూసినట్టు చుట్టూ నల్లగా ఉంటుంది.

కొత్తగా కొనేవాళ్లు 10×42 అడుగుతారు, పది రెట్లు అంటే మేలనుకుని. మా మాట వింటే 8×42 తీసుకోండి. పది రెట్లలో చేతి వణుకు కూడా పది రెట్లు అవుతుంది, కనపడే మేర తగ్గుతుంది. 42 అంటే ముందు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. దాన్ని 8తో భాగిస్తే అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది, కంటికి చేరే వెలుగు పుంజం వెడల్పు అది. తెల్లవారుజామున, దట్టమైన అడవిలో ఆ అయిదు మిల్లీమీటర్లే దిక్కు.

కుటుంబంతో కార్లో పోవడం వేరే విద్య. హైదరాబాదు నుంచి సూళ్లూరుపేట అయిదొందల కిలోమీటర్ల పైనే. పొద్దున వెళ్లి సాయంత్రం పిట్టల్ని చూద్దామనే లెక్క ఎప్పుడూ తప్పుతుంది. చేరేసరికి పెద్దవాళ్ల నడుములు పట్టేసి, పిల్లల ఓపిక అయిపోయి, ఎండ ఎదురుగా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, మధ్యాహ్నానికల్లా ఊరు చేరి, అందరినీ పడుకోబెట్టి, మర్నాడు చీకటితోనే లేవాలి. పిట్టల వేళ వేరు, పిల్లల ఆకలి వేళ వేరు. రెంటినీ ఒకే రోజులో కలపాలని చూస్తే రెండూ చెడతాయి.

అంబాసిడర్ రోజుల్లో కారు మీద క్యారియర్, దాని మీద పక్కబట్టలు చుట్టిన హోల్డాల్, పైన తాటిపత్రి, కొబ్బరి తాడు. తాటిపత్రి ముందు అంచుని సామాను కిందికి మడిచి కట్టాలి. పైకి వదిలేస్తే గాలి దూరి, అరగంటలో తాడు వదులై, పట్నం దాటే లోపే టపటపా కొట్టుకుంటుంది. మార్చి, ఏప్రిల్ ఎండల్లో ఇంకో ఇబ్బంది. బండి బాగా వేడెక్కి, టీ కోసం ఆపి మళ్లీ తీస్తే స్టార్టు అవ్వదు. పెట్రోలు ఉంటుంది, బ్యాటరీ బానే ఉంటుంది. నడుస్తున్నప్పుడు గాలి తగిలి చల్లగా ఉన్న పెట్రోలు పైపు, ఆపగానే ఇంజను వేడికి కాలుతుంది. లోపలి పెట్రోలు ఆవిరై, పంపు ఆవిరినే లాగుతుంది. బానెట్ తెరిచి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి ఓ పావుగంట ఆగితే చాలు. ఆ కంగారులో రేడియేటర్ మూత తిప్పేవాళ్లుంటారు, అది మాత్రం వేడి మీద ముట్టుకోకూడదు. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లకి ఈ బాధ లేదు. తడిగుడ్డ పెట్టుకునే డబ్బా స్థానంలో ఛార్జర్ల సంచీ వచ్చింది.

పిల్లలకి కాలక్షేపం మైలురాళ్లు. నెత్తిన పసుపు రంగుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. రంగు మారిన చోట ముందు ఎవరు అరిస్తే వాళ్లు గెలిచినట్టు. దీనివల్ల అసలు మేలు ఇంకోటి ఉంది: చూపు దూరాన ఉంటే కడుపులో తిప్పదు. పుస్తకంలోకో ఫోన్‌లోకో తల వంచితే కన్ను ఆగినట్టు చెప్తుంది, చెవిలోని సమతూకం కదులుతున్నట్టు చెప్తుంది, వాంతి అక్కడ మొదలవుతుంది. వాంతులయ్యే పిల్లని కిటికీ పక్కన కాకుండా వెనక సీటు మధ్యలో, ముందు అద్దంలోంచి రోడ్డు కనపడేలా కూర్చోబెట్టాలి.

తిండి విషయంలో ఏ మార్పూ రాలేదు, రాకూడదు కూడా. పులిహోర, దద్దోజనం. పులిహోరకి రెండు గ్లాసుల బియ్యం కాస్త పలుకు మీద వండి, వెడల్పాటి తాంబాళంలో ఆరబోసి, పావు గ్లాసు నువ్వులనూనె, పసుపు పట్టించాలి. చింతపండు పెద్ద నిమ్మకాయంత, గుజ్జు నూనె తేలేదాకా ఉడకాలి. పులిహోర పాడయ్యేది దాదాపు ఎప్పుడూ ఒక్క కారణం వల్లే: వేడి మీద డబ్బాలో పెట్టి మూత బిగించడం. ఆవిరి మూతకి పట్టి, నీళ్లై, తిరిగి అన్నం మీద పడుతుంది. సాయంత్రానికి జిగురు. పూర్తిగా చల్లారాక, కింద అరిటాకు పరిచిన స్టీలు డబ్బాలో పెడితే మర్నాటి పొద్దుటికీ ఢోకా లేదు.

దద్దోజనం పెరుగుతో కలిపి తీసుకెళ్తే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. గ్లాసు బియ్యం నాలుగు గ్లాసుల నీళ్లతో మెత్తగా వండి, వేడి మీదే మెదిపి, కాచిన పాలు రెండున్నర గ్లాసులు పొయ్యాలి. గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల పెరుగు. అంతే. నాలుగింటికి కలిపింది పదకొండున్నర, పన్నెండుకల్లా డబ్బాలోనే తోడుకుని, కమ్మగా ఉంటుంది. ఉప్పు తినేముందు. కొబ్బరి పచ్చడి వద్దు, ప్రయాణంలో ముందు చెడేది అదే. కారప్పొడి, మాగాయ చాలు. మంచినీళ్లకి మరచెంబు ఉండేది, ఆ మర బిగించాక కారు పల్టీ కొట్టినా చుక్క కారదనేవారు పెద్దవాళ్లు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. తెలుగులో దీనికి ప్రళయకావేరి అని పేరు. మన దేశంలో చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి కయ్య ఇదే. రోడ్డుకి రెండువైపులా నీళ్లు, నీళ్లలో రాజహంసలు. రోడ్డు పడమటి నుంచి తూర్పుకి పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు కాబట్టి, పొద్దున ఉత్తరం వైపు చూడాలి. అటువైపు పిట్టల ఒంటి మీద వెలుతురు పడి గులాబీ రంగు తేలుతుంది. దక్షిణం వైపు అంతా నల్లటి నీడలే. ఎనిమిదిన్నర దాటితే నీటి మీద వేడి గాలి ఆడుతుంది, ఎంత ఖరీదైన టెలిస్కోపులోనైనా కాళ్లు పాముల్లా వంకర్లు పోతాయి. అప్పుడు అద్దాలు తుడుచుకుంటూ కూర్చోవడం దండగ, టిఫినుకి వెళ్లడం మేలు.

కారు దిగకూడదు. పిట్టలు కారుకి అలవాటు పడ్డాయి, మనిషి నిలువెత్తు ఆకారానికి కాదు. తలుపు తెరిచిన చప్పుడుకే ముందు వరస మెడలు నిక్కుతాయి, దిగితే గుంపంతా నడుచుకుంటూ లోపలికి పోతుంది. ఇంజను ఆపి, కిటికీ సగం దించి, అంచు మీద కిలో బియ్యం పోసి కుట్టిన గుడ్డ సంచి పెట్టుకుంటే కెమెరాకైనా బైనాక్యులర్స్‌కైనా అదే స్టాండు. ఇంజను నడుస్తూ ఉంటే ఆ అదురు సంచిలోంచి కూడా వస్తుంది.

లెక్కపెట్టడం ఇద్దరుంటేనే బాగుంటుంది. ముందు పదింటిని విడివిడిగా లెక్కపెట్టి, ఆ పదీ ఎంత మేర ఆక్రమించాయో కంటికి ఎక్కించుకోవాలి. ఆ మేరని పదిసార్లు పక్కపక్కన వేస్తే వంద. ఇక వందలతో గుంపుని కొలుచుకుంటూ పోవాలి. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా లెక్కపెట్టి, కాగితం మీద రాశాకే చూసుకోవాలి. ముందే వింటే రెండో లెక్క మొదటిదాని వైపు జారుతుంది. రెంటి మధ్య ఇరవై శాతం లోపు తేడా అయితే సగటు రాసుకోవడం, మించితే మళ్లీ మొదలు. సాధారణంగా తప్పేది తక్కువ వైపే, ఎందుకంటే ముందు వరస వెనక రెండు వరసలు దాగుంటాయి. రాజహంసల్లో రెండు రకాలు. పెద్దదాని ముక్కు లేత గులాబీ, కొన మాత్రం నలుపు. చిన్న రకానికి ముక్కు ముదురు ఎరుపు, దూరానికి నల్లగానే అనిపిస్తుంది. మధ్యలో బూడిద రంగువి కనపడితే వేరే జాతి అని రాసుకోవద్దు, అవి పిల్లలు. ఆ గులాబీ తిండిలోంచి వచ్చే రంగు, ఒంటికి పట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది.

దొరవారిసత్రం దగ్గర హైవే మీద నుంచి కాస్త లోపలికి వెళ్తే నేలపట్టు పక్షుల అభయారణ్యం. గూడబాతులు, అంటే పెలికాన్లు, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు కడతాయి. ఈశాన్య రుతుపవనాలు సరిగ్గా పడి చెరువు నిండితేనే. నీళ్లు లేని ఏడాది చెట్లున్నా గూళ్లుండవు, కింద నీళ్లుంటేనే నక్కలూ పిల్లులూ చెట్ల దగ్గరికి రావు. డిసెంబరు, జనవరిలో టవరు మీద నుంచి చూస్తే పిల్ల తన తలని మెడదాకా తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపని లాక్కుంటుంది. తల్లి నోరు తెరుచుకుని, కళ్లు పైకి పెట్టి, కదలకుండా నిలబడుతుంది. పిల్లలున్న ఇంటివాళ్లెవరైనా ఆ దృశ్యం దగ్గర కాసేపు ఆగాల్సిందే.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. నేలపట్టులో, కొల్లేటి దగ్గర ఆటపాకలో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కనపడే గూడబాతుల్నీ ఎర్రకాళ్ల కొంగల్నీ “సైబీరియా నుంచి వచ్చాయి” అంటారు, బోర్డుల మీద కూడా రాస్తారు. అవి సైబీరియావి కావు. దక్షిణాసియాలోనే ఉంటూ, నీళ్లున్న చోటికి మారుతూ, ఇక్కడే పిల్లల్ని పెడతాయి. ఉత్తరాది మంచు దేశాల నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి, బాతులూ ఉల్లంకులూ. అవి ఇక్కడ గూడు కట్టవు, చలి తగ్గగానే వెళ్లిపోతాయి. గూడులో పిల్ల కనపడితే ఆ పక్షి మనదే. చుట్టాలనుకుంటే ఏడాదికోసారి మర్యాద చేస్తాం. మనవే అనుకుంటే చెరువు గట్టున చింతచెట్టు కొట్టేటప్పుడు చెయ్యి ఆగుతుంది.

చెన్నై నుంచి కొలంబోకి విమానంలో గంటన్నర కూడా పట్టదు. పిట్టల కోసం మొదటిసారి దేశం దాటేవాళ్లకి మేమెప్పుడూ శ్రీలంకే చెప్తాం. అక్కడ తప్ప ఇంకెక్కడా లేని పక్షులు ముప్పైకి పైన ఉన్నాయి, వాటిలో ఎక్కువ సింహరాజలోనే చూడొచ్చు. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కిన అడవి. జనవరి నుంచి మార్చి దాకా వెళ్లడం మంచిది. కలవాన మీదుగా కుడావ చేరి, అక్కడి స్థానిక గైడుతో లోపలికి నడవాలి.

సింహరాజలో ఎలా ఉంటుందంటే, గంట సేపు ఒక్క పిట్టా కనపడదు. ఆకుల మీంచి నీళ్లు కారే చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. తర్వాత ఒక్కసారిగా గలగలా. ఆరెంజ్ బిల్డ్ బాబ్లర్లు ముందు నడుస్తాయి, వాటి పైన క్రెస్టెడ్ డ్రోంగో, మన పొలాల్లో కరెంటు తీగ మీద కూర్చునే ఏట్రింతకి చుట్టం. వాటి వెంట పది పన్నెండు రకాలు ఒకే గుంపుగా కదులుతాయి. కింది పిట్టలు ఆకులు కదిపితే లేచిన పురుగుల్ని పైవి పట్టుకుంటాయి, డేగ వస్తే ఎవరో ఒకరు అరుస్తారు. పది పదిహేను నిమిషాల్లో అంతా దాటిపోతుంది. అందుకని ఇద్దరూ ఒకే పిట్ట వెంట పడకూడదు. ఒకరు చిటారు కొమ్మలు, ఇంకొకరు మనిషెత్తు లోపల. ఎర్రముఖం మల్కోహా పైన ఉంటుంది, అంత పెద్ద పిట్టయినా అరవకుండా కొమ్మల మధ్య పాకుతుంది. దాన్ని చూపించడానికి గడియారం లెక్క పనికొచ్చినట్టు ఇంకేదీ పనికిరాదు. 2001లో శ్రీలంక పక్షి పరిశోధకుడు దీపాల్ వరకగొడ కనిపెట్టిన సెరెండిబ్ స్కాప్స్ గుడ్లగూబ కూడా ఈ అడవుల్లోదే. అంతకుముందు దాన్ని పిలుపుగానే విన్నారు, పిలిచేదేమిటో తెలీదు. పగలు అది కూర్చునే చోటు గైడుకి తెలుస్తుంది. మీకు చూపిస్తే చాలు, ఫ్లాష్ వెయ్యకండి.

అక్కడ చెడేవి రెండు. మొదటిది, ఏసీ గదిలోంచి తెల్లవారుజామున బయటికి రాగానే కటకాల మీద ఆవిరి. చల్లటి అద్దం మీద తడిగాలి నీళ్లవుతుంది. తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది, గీతలు మిగులుతాయి. బయల్దేరడానికి అరగంట ముందు బైనాక్యులర్స్‌ని సంచితో సహా వరండాలో పెట్టెయ్యాలి. తిరిగొచ్చాక సిలికా జెల్ పొట్లాలున్న గాలి చొరని డబ్బాలో, లేకపోతే నెల రోజుల్లో లోపల బూజు సాలెగూడులా పాకుతుంది.

రెండోది జలగలు. మోకాలి దాకా వచ్చే నేత గుడ్డ మేజోళ్లు ప్యాంటు మీదుగా వేసి, పైన తాడు బిగించాలి. అయినా పట్టిందంటే ఉప్పు వెయ్యడం, నిప్పు పెట్టడం వద్దు. అది కడుపులోది గాయంలోకి కక్కుతుంది. సన్నగా ఉండే కొన వైపు నోరుంటుంది, అక్కడ చర్మం మీద గోరు ఆనించి పక్కకి జరిపితే వదులుతుంది. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం అది ముందే ఎక్కించి ఉంటుంది కాబట్టి ఇంకా గంటల తరబడి కారుతుంది, కంగారు పడక్కర్లేదు, గుడ్డతో నొక్కి కట్టాలి. వానకి రెయిన్‌కోటు కంటే ముదురు రంగు గొడుగు మేలు. కోటులో ఉక్కపోసి కళ్లజోడు మసకేస్తుంది. గొడుగు కింద ఇద్దరు, రెండు బైనాక్యులర్స్, ఒక నోటుపుస్తకం పొడిగా ఉంటాయి.

కొండ మీద నువర ఎలియాలో విక్టోరియా పార్కు ఉంది. చలికాలం సాయంత్రాలు అక్కడి కాలవ పక్క బెంచీ మీద నాలుగున్నర నుంచి ఆరు దాకా కూర్చోవాలి, ఏమీ మాట్లాడకుండా. కాశ్మీర్‌లో గూడు కట్టే కాశ్మీర్ ఫ్లైక్యాచర్ అక్కడికొస్తుంది. ఇండియన్ పిట్టా అనే పక్షి కూడా వస్తుంది, పచ్చటి వీపు, గోధుమ రంగు పొట్ట, తోక కింద కుంకుమ, నేల మీద ఎండుటాకులు తిరగేస్తూ. హిమాలయాల అడుగున, మధ్య భారతంలో పిల్లల్ని పెట్టి, రాత్రిళ్లు ఎగురుతూ దక్షిణానికొస్తుంది. దారిలో మన ఊళ్లలో పెరటి జామచెట్టు కింద అలిసి కూర్చుంటుంది, పిల్లలు పట్టుకుని అట్టపెట్టెలో పెడుతుంటారు. అలా దొరికితే పెట్టెకి చిల్లులు పెట్టి, చీకట్లో ఉంచి, సాయంత్రం పిల్లుల్లేని పొద దగ్గర వదిలెయ్యండి. అన్నం పెట్టొద్దు, తినదు. తమిళంలో దాన్ని ఆరుమణి కురువి అంటారు, పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ రెండు స్వరాల ఈల వేస్తుంది కాబట్టి.

నోటుపుస్తకం పెన్సిలుతోనే రాయాలి. పెన్ను రాత వానకి కారిపోతుంది, పెన్సిలు కారదు. సింహరాజలో తడిసి ఉబ్బిన పేజీల్ని ఇప్పటికీ చదువుకోవచ్చు. గడులు అయిదు: వేళ, చోటు, మబ్బూ గాలీ, ఏ పిట్టలు ఎన్ని, చివర ముందు చూసిందెవరో ఒక్క అక్షరం. చాలా వరసల్లో ఒక్క అక్షరమే ఉంటుంది, ఆమెదో ఆయనదో. విక్టోరియా పార్కు పేజీలో, అయిదూ యాభై రెండు నిమిషాలకి, పిట్టా ఒకటి, ఎదురుగా ఎండుటాకుల్లో. ఆ వరసలో రెండక్షరాలూ ఉన్నాయి.